కాయం తిన్న తేనెటీగలు

తేనెటీగ నడి చలిలో చావదట, చలి వెళ్ళిపోయే ముందు చస్తుందట. ఈ సంగతి గుమ్మిలోవ ఊరి ఆదెమ్మకు కోడలు చెబితేగాని తెలియలేదు. తెలిసిన రోజు నుంచీ ఆవిడకు ఆ ఈగలంటే ఒకటే జాలి. అంత చలికీ ఓర్చుకుని, తీరా ఎండ పొడ కనబడే వేళకు ప్రాణం విడవడమేమిటి, అడవంతా నడిచొచ్చి సొంత గుమ్మంలో కూలబడినట్టు.

"ఎందుకు సస్తాయమ్మా?" అని అడిగింది.

కోడలు జలజ అప్పుడు నిండు నెలలతో ఉంది. పెరట్లో పెట్టెల పక్కన పీట వేసుకుని కూర్చుని, వాటికి వేసిన గోనెపట్టాలు సర్దుతోంది. "మాఘం వచ్చేసరికి రాణీగ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుందత్తా. పిల్లలున్న గూడు చల్లబడకూడదు. మిగిలిన ఈగలన్నీ గుత్తిగా చేరి, ఒళ్ళు వణికించి వేడి పుట్టిస్తాయి. వణకడానికి తేనె తినాలి. తేనె అయిపోతుంది. పూలు ఇంకా రావు."

"అంటే ఇంట్లో పురుడొచ్చీ యేలకి గాదెలో గింజలు నిండుకున్నాయన్నమాట."

"అచ్చంగా అంతే" అంది జలజ.

ఆదెమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ కొండల నడిమి లోవలో చలి ఇలా ఉండేది కాదు. మాఘం వెళ్ళేసరికి దుప్పట్లు మడతపెట్టేవారు. తరవాత ఎప్పుడో పై గాలులు దారి మార్చుకున్నాయన్నారు. ఫాల్గుణంలో కూడా కుండలో నీళ్ళ మీద అద్దంలా మంచు పలక కట్టడం మొదలైంది. ఒక్కో లోవలోంచీ తేనెటీగ మాయమైంది. ఆడవాళ్ళు పొద్దున్నే కోడి ఈక పట్టుకుని గుమ్మడి పూలకు పుప్పొడి అద్దుతూ తిరిగేవారు. అద్దిన పాదుకు కాయ, అద్దని పాదుకు ఉత్త ఆకు. చివరికి ఆ కొండలన్నిటిలోనూ మిగిలినవి ఆదెమ్మ పెరట్లోని తొమ్మిది పెట్టెలు. అవి ఈగల కేంద్రం వారివి. జలజ ఆ కేంద్రంలో శాస్త్రవేత్త. ఆమె మొగుడు, ఆదెమ్మ కొడుకు సన్నిబాబు, అక్కడే పెట్టెలు చూసే ఉద్యోగి. పెరడు లోవలోకెల్లా ఎండ తగిలే చోటని పెట్టెలు ఇక్కడికి చేరాయి.

కరెంటు పెట్టి వెచ్చజేసి చూశారు. ఆ వేడికి ఈగలు వసంతం వచ్చిందనుకుని బయటికి ఎగిరి, మంచు మీద రాలిపోయాయి. అప్పుడు పుట్టింది వెచ్చనాచు.

జలజ దాన్ని గాజు పళ్ళెంలో పెంచింది. చూడడానికి పల్చటి అట్టులా, పచ్చగా, మెత్తగా ఉండేది. దాని వింత ఏమిటంటే, ఒక నాచును పది ముక్కలు చేసి పది చోట్ల పెట్టినా అన్నీ ఒక్కటిగానే ఊపిరి తీస్తాయి. తల్లి ముక్కను మనిషి ఒంటికి ఆనించి కడితే అది మనిషి వేడిని పీల్చుకుంటుంది. పిల్ల ముక్కలు ఎక్కడున్నా ఆ వేడిని బయటికి వదులుతాయి. పెట్టె మూతల కింద ఒక్కో పిల్ల ముక్క పరిచారు. ఆ వేడి పొంగుతూ తగ్గుతూ ఊపిరిలా వచ్చేది. ఈగలు దాన్ని తమలో ఒకటి అనుకునేవి, మోసపోయి బయటికి వచ్చేవి కావు.

కేంద్రంలో నలుగురు తల్లి నాచును కట్టుకుని చూశారు. ఎవరి కడుపు మీదా అది కదలలేదు, వడిలిన తమలపాకులా పడి ఉంది. పుష్యమాసంలో జలజ పుట్టింట్లో ఆడపిల్లను కన్నది. పురిటి స్నానాలయ్యి తిరిగొచ్చాక ఒకరోజు ఊరికే చేత్తో తీసి చూస్తే నాచు ఊపిరి తీయడం మొదలుపెట్టింది. పాలొచ్చే ఒంటికి వేడి కాస్త ఎక్కువ. దానికి ఆ వేడే కావాలి. లోవలో ఆ ఏడు పచ్చి బాలింత జలజ ఒక్కతే.

"బాలింతకి సలి తగలకుండా సెవుల్లో దూది పెడతాం. నువ్వు సలిని కడుపుకి కట్టుకుంతానంతావేటి?" అంది ఆదెమ్మ.

"కాసిన్ని రోజులే అత్తా. మామిడి పూత పడేదాకా."

వద్దన్నా వినే పిల్ల కాదని ఆదెమ్మకు తెలుసు. బాలింత నడుముకు పాత చీరతో కట్టే నడికట్టు ఎలాగూ ఆవిడే కడుతుంది. ఆ నడికట్టు కిందే నాచును కూడా పెట్టి, ముడి వేసింది. వేస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంది.

అది కట్టిన కాసేపటికి పెరట్లో సన్నిబాబు పెట్టెకు చెవి ఆనించాడు. అంతదాకా లోపల పళ్ళు కొరుకుతున్నట్టు వినబడిన చప్పుడు నెమ్మదించి, ఉయ్యాల గొలుసు ఊగినంత తీరుగా మారింది. "ఒణుకు మానేసినాయే అమ్మా" అని నవ్వుతూ వచ్చాడు. వచ్చి పెళ్ళాం చెయ్యి పట్టుకుని, నవ్వు ఆపేశాడు. చెయ్యి బావి గట్టులా చల్లగా ఉంది.

*

పాపకు ఇంకా పేరు పెట్టలేదు. బుల్లెమ్మ అనుకుంటున్నారు. బుల్లెమ్మ పుట్టినప్పటి నుంచీ గట్టి ఆకలి మనిషి. తల్లి పక్కలో పడుకోబెట్టడం ఆలస్యం, కళ్ళు తెరవకుండానే వెతుక్కుని పాలు పట్టేసేది.

నాచు కట్టుకున్న కొన్నాళ్ళకు, ఒక పొద్దున, నోరు పెట్టి ఉలిక్కిపడింది. మొహం తిప్పుకుని ఏడ్చింది. జలజ అరచేతులు రుద్దుకుని, రొమ్ముకు వేడినీళ్ళ గుడ్డతో కాపడం పెట్టుకుని, మళ్ళీ పట్టింది. పిల్ల మళ్ళీ తిప్పుకుంది. ఆదెమ్మ అందుకుని భుజాన వేసుకుంటే ఆ ముసలి మెడ దగ్గర ముక్కు దూర్చి, రెండు వెక్కులు వెక్కి నిద్రపోయింది.

జలజ చూస్తూ ఉంది. ఆ చూపు ఆదెమ్మ తట్టుకోలేకపోయింది. పిల్ల తనకు చేరువైనందుకు నాయనమ్మ సంతోషించాలి గదా, దొంగతనం చేసినట్టు అనిపించింది.

అప్పటి నుంచి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడమే. రోజురోజుకూ గిన్నె అడుగున పాలు తగ్గుతూ వచ్చాయి. పిల్ల తల్లి చేతుల్లోకి పోతే బిగుసుకునేది, ఎవరో కొత్త మనిషి ఎత్తుకున్నట్టు.

"తీసెయ్యమ్మా ఆ నాచుని" అంది ఆదెమ్మ.

"తీసేస్తే ఈ పూటే వణకడం మొదలెడతాయి అత్తా. పెట్టెల్లో ఉన్న తేనే, మనం పెట్టే పంచదారా వారానికి కూడా రావు. ఈ తొమ్మిదీ పోతే కొండల్లో ఇంక ఈగ అన్నది లేదు."

"పూతొచ్చీసరికి గుంట నిన్ను మర్సిపోతాది."

జలజ ఉగ్గుగిన్నె కడగడానికి లేచి వెళ్ళింది. కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినబడుతుంటే, ఆదెమ్మ తన నోటిని తనే తిట్టుకుంది.

*

నోటితో చెడగొట్టిందాన్ని చేత్తో బాగు చేయడం ఆవిడ అలవాటు. ఆ మధ్యాహ్నమే శొంఠి దంచింది. పిప్పళ్ళు, మిరియాలు, వాము వేయించి పొడి కొట్టింది. నల్లబెల్లం పాకంలో పోసి, నెయ్యి వేసి, చెమట కారేదాకా కలియబెట్టింది. బాలింతకు పెట్టే కాయం. ఊళ్ళో ఏ ఇంట్లో పురుడొచ్చినా ఆదెమ్మ కలిపితేనే అది కుదిరేది. ఒంట్లో వేడి పుట్టించి, పాలు పడేట్టు చేస్తుంది.

ఉసిరికాయంత ముద్ద కోడలి నోట్లో పెట్టింది. జలజ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఘాటుకే" అంది. కాసేపటికి బుగ్గలు ఎర్రబడ్డాయి. బయట పెట్టెల్లో ఈగల రొద జోరెక్కింది. జలజ ఉత్సాహంగా పెట్టెల్లోని వేడి చూపించే చేతి పలక తెరిచి ఏవో అంకెలు చూసింది. "మీ కాయం పనిచేసింది అత్తా. తొమ్మిదింటిలోనూ వేడి పెరిగింది."

ఆ ఒక్క మాట ఆదెమ్మ తలకెక్కింది.

ఆ సాయంత్రం ఆవిడ పెట్టెల మధ్య నిలబడి ఆలోచించింది. లోపల రాణీగ గుడ్లు పెడుతోంది. అంటే అదీ బాలింతే. దానికి జలజా సన్నిబాబూ పెట్టేదేమిటి, తెల్ల పంచదార పలక. ఉప్పు లేని పచ్చడిలా, అందులో సారమేముంది? జలజ తిన్న ముద్ద పుణ్యమే ఇంత వేడి పుట్టిస్తే, అసలు వాటికే పెడితే? జలజ మీద పడే బరువు సగమైనా తగ్గుతుంది. నాచు నాలుగు రోజులు ముందే విప్పేయవచ్చు. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. ఒక్కో మూత కొద్దిగా ఎత్తి, లోపలి పట్టు చట్రాల మీద గోళీకాయంత కాయం ఆకులో పెట్టి, "తినండమ్మా, మీ తల్లికి మంచిది" అని మూసేసింది.

ఈగలు తిన్నాయి. బెల్లం కదా, ఆకు కూడా నాకేశాయి.

రెండు రోజులకు పెట్టెల ముందు ఈగలు వాలే పలకల మీద గోధుమరంగు చారికలు కనబడ్డాయి. సన్నిబాబు వేలితో రాసి వాసన చూశాడు. మొహం పాలిపోయి ఇంట్లోకి వచ్చాడు. "జలజా, ఈగలకి విరోచనాలు పట్టుకున్నాయి. శొంఠి వాసనొస్తంది."

జలజ అత్తకేసి చూసింది. ఆదెమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"నానే పెట్టాను" అంది. "బాలింత గదాని."

జలజ పెదవులు అదిరాయి. ఏడుస్తుందేమోనని ఆదెమ్మ భయపడింది. కానీ ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. నవ్వుతూ నవ్వుతూనే కన్నీళ్ళు పెట్టుకుంది. "రాణీగకు కాయం ముద్ద. ఇంకా నయం, సాంబ్రాణి పొగ వేశారు కాదు."

"ఎయ్యాలనే అనుకున్నానమ్మా."

"నేనూ చెప్పి ఉండాల్సింది అత్తా. పెట్టెలు మీ పెరట్లో పెట్టి, మీకే ఏమీ చెప్పలేదు." కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా చెప్పింది. తేనెటీగ శుభ్రం గల జీవి. గూట్లో మురికి చేయదు. చలికాలమంతా కడుపులో బిగబట్టుకుని, ఎండ వచ్చాక ఒక్కసారి బయటికెళ్ళి కడుపు ఖాళీ చేసుకుని వస్తుంది. పంచదారలో మడ్డి ఉండదు, అందుకే అది పెడతారు. బెల్లంలో మడ్డి ఉంటుంది. కడుపు నిండిపోయింది, ఇక ఆగలేవు. గూట్లోనే చేస్తే రోగం అంటుకుని పెట్టెకు పెట్టె పోతుంది. బయటికి వస్తే చలికి రెక్కలు కొయ్యబారి పడిపోతాయి.

"మరేటి సెయ్యాల?"

"ఒంట్లో బాగా వేడి పట్టించుకుని ఎగిరితే, కాసేపు చలి తట్టుకుని తిరిగి రాగలవు. రేపు మధ్యాహ్నం ఎండ వస్తుందంటున్నారు. ఆ కాసేపు పెట్టెలు బాగా వేడెక్కాలి." జలజ నడికట్టు మీద చెయ్యి వేసుకుంది. "అంత వేడి నా ఒంట్లో లేదు అత్తా."

*

మర్నాడు ఎండ వచ్చింది, నీళ్ళు కలిపిన మజ్జిగలాంటి ఎండ. జలజ వసారాలో చాప మీద కూర్చుంది. చుట్టూ మూడు కుంపట్లు పెట్టారు. మిరియాల కషాయం తాగించారు. కుంపటి వేడి చర్మం దగ్గరే ఆగిపోతోంది, నాచు దాన్ని ముట్టుకోవడం లేదు. పెరట్లోంచి సన్నిబాబు "ఏటీ నేదు, ఒక్కటీ రాలేదు" అని అరుస్తున్నాడు. జలజ పళ్ళు టకటకలాడుతున్నాయి. పక్క గదిలో బుల్లెమ్మ ఆకలికి ఏడుస్తోంది.

ఆదెమ్మకు శాస్త్రం తెలియదు. తన మూలంగా ఒక పిల్ల ఇలా వణుకుతూ ఉంటే చూస్తూ నిలబడలేకపోయింది, అంతే. వెళ్ళి కోడలి వెనక కూర్చుంది. నొప్పులు పడే ఆడదాన్ని వెనకనుంచి పట్టుకునే తీరున, రెండు కాళ్ళూ చాపి, జలజ వీపును తన గుండెకు ఆనించుకుని, చేతులు ముందుకు వేసి గట్టిగా పట్టుకుంది. ఆ లోవలో ఎంతమంది పుడుతున్నప్పుడు ఆవిడ అలా కూర్చుందో లెక్కలేదు. జలజ పుట్టింట్లో పురుడు పోసుకోవడం వల్ల కోడలి వెనక మాత్రం ఎన్నడూ కూర్చోలేదు.

"ఊపిరి తియ్యమ్మా. నాతో పాటు తియ్యి. మెల్లిగా."

ఒకరి ఊపిరి ఒకరికి కుదిరింది. ఆదెమ్మకు గుండె దగ్గర ఏదో దిగలాగుతున్నట్టు, లోపలి వెచ్చదనాన్ని ఎవరో దారంలా చుట్టుకుంటున్నట్టు అనిపించింది. పెరట్లోంచి కేక: "జోరొచ్చిందే. ఇంకొంచెం కావాల."

జలజ చటుక్కున తల తిప్పింది. "నాచుకు కావలసింది ఊపిరితో వచ్చే వేడి అత్తా. కుంపటికి ఊపిరి లేదు. మీ వేడిని నాదే అనుకుంటోంది." ఆమె గొంతులో కొత్త బలం వచ్చింది. "మీ వెనక ఇంకొకరు కూర్చుంటే?"

ఆదెమ్మ కూర్చున్న చోటు నుంచే గొంతెత్తి పిలిచింది. "ఓలే పోలమ్మా, బేగి రాయే. వచ్చీటప్పుడు నీ తోడికోడల్ని లాక్కురా."

పక్కింటి పోలమ్మ పిడకలు చేస్తున్న చేతులు కడుక్కుని వచ్చింది. "ఏటప్పా ఇది, రైలాటా?" అంది. చెప్పిందంతా విని, "మగోళ్ళకి తెలిస్తే నవ్వుతారు" అంటూనే ఆదెమ్మ వెనక చతికిలబడింది. ఆమె వెనక తోడికోడలు, ఆమె వెనక ఎదురింటి ముసలమ్మ. వసారా చాలక గుమ్మందాకా బారు పెరిగింది.

"ఓలమ్మ, సల్లగా లాగేస్తందే" అంది ఒకామె.

"మీ ఆయన కొంగట్టుకు లాగితే ఊరుకుంతావు, దీనికేటి" అంది వెనకామె. బారంతా నవ్వింది. నవ్వుకు ఊపిరి తప్పితే ఆదెమ్మ కసిరింది.

ముందు కూర్చున్న జలజ మెడ మీద చిన్న చెమట బొట్టు మొలిచింది. నాచు కట్టుకున్న తరవాత మొదటి చెమట. ఆదెమ్మ దాన్ని చూసి, ఎవరినీ అడగకుండానే, "గుంటని తెండి" అంది. ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టారు.

బుల్లెమ్మ ముందు బిగుసుకుంది. అలవాటైన చల్లదనమే అనుకుని మొహం తిప్పుకోబోయింది. తిప్పబోయి ఆగింది. చెంప తల్లికి ఆనించి కాసేపు ఊరుకుంది. అప్పుడు మెల్లిగా వెతుక్కుంది. దొరికాక రెండు చేతులతో పట్టుకుని, ఇన్నాళ్ళ కోపమంతా తీర్చుకుంటున్నట్టు గుక్క తిప్పుకోకుండా లాగింది. జలజ పిల్ల మీదికి వంగిపోయింది. వెనకున్న ఆదెమ్మకు ఆమె మొహం కనబడలేదు. తన చేతుల మీద పడుతున్న కన్నీళ్ళు మాత్రం వేడిగా తగిలాయి.

పెరట్లో సన్నిబాబు అరవడం మానేశాడు. ఆ నిశ్శబ్దానికి అందరూ భయపడ్డారు. అంతలో వసారా ముందు గాలిలో ఒక ఈగ, తరవాత పది, తరవాత లెక్కకు రానన్ని. ఎండలో గింగిరాలు తిరిగి, తేలికపడి, వచ్చిన దారినే పెట్టెల్లోకి దూరిపోయాయి. కొన్ని దారిలోనే రాలాయి. చివరి పెట్టెలోంచి మాత్రం ఒక్కటీ రాలేదు. సన్నిబాబు మూత తీసి చూసి, తిరిగి మెల్లగా మూసి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎనిమిది బతికాయి.

మామిడి పూత పడేదాకా ఆడవాళ్ళు వంతులు వేసుకుని రోజూ వచ్చి కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు, ఎవరి కొడుకు ఎవరి పిల్లను చూస్తున్నాడో అన్నీ తేల్చుకున్నారు. జలజ ఒంట్లోంచి చలి పూర్తిగా పోలేదు గానీ, పిల్ల మళ్ళీ మొహం తిప్పలేదు. అలా కూర్చున్న ప్రతి ఆడదానికీ గుండె దగ్గర అరచేయంత చోటు చల్లగా ఉండిపోయింది. అది ఏ ఎండకూ వెచ్చబడలేదు. ఆదెమ్మకు దానితోపాటు రెండు వేళ్ళు తిమ్మిరెక్కి, బియ్యంలో మట్టిబెడ్డ చేతికి తగలకుండా పోయింది. కేంద్రం వారు వచ్చి ఆ సంగతి రాసుకున్నారు. మందు మాత్రం చెప్పలేకపోయారు.

కానీ ఆ మొదటి మధ్యాహ్నం ఇవేవీ ఇంకా తెలియవు. ఈగలు లోపలికి వెళ్ళాక పోలమ్మ లేచి నడుం సవరించుకుని తమ పెరట్లోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే గావుకేక పెట్టింది.

"ఆదెమ్మప్పా, మీ ఈగల బతుకు బంగారం గానూ. మా దండెం మీద బట్టల నిండా కాయం చుక్కలే. తెల్ల పంచె చూడు, పసుపు నీళ్ళు చల్లినట్టుంది. ఇదెవరు ఉతుకుతారు?"

"నానుతుకుతానులేవే" అంది ఆదెమ్మ.

కానీ లేవలేదు. ఆవిడ చేతుల మధ్య జలజ నిద్రపోతోంది, జలజ చేతుల మధ్య పిల్ల నోట్లో పాలుంచుకునే నిద్రపోతోంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి, వీపు లాగుతోంది, పోలమ్మ తిడుతూనే ఉంది. ఆదెమ్మ కోడలి ఊపిరితోపాటు ఊపిరి తీస్తూ, కదలకుండా అలాగే కూర్చుంది.